మాటకు అర్థ మెక్కడిది?

ఈ యేడు బడులు తెఱచిన మొదటివారమున నేను తరగతిలో కూర్చుండి పిల్లల వివరములు పుస్తకములో వ్రాసికొనుచుంటిని. పేరు, తండ్రిపేరు, తల్లిపేరు, పుట్టిన తేది, స్వగ్రామము. ఈ వరుసను ఇరువదియేండ్లుగా వ్రాయుచున్నవాడను గనుక చేయి దానంతట అదియే నడచుచుండెను. పదేండ్ల పిల్ల యొకతె వచ్చి నిలిచెను. “స్వగ్రామము?” అంటిని. “తాళ్ళప్రొద్దుటూరు సార్” అనెను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు పక్కున నవ్వి, “ఆ ఊరు ల్యాదు సార్, నీళ్ళల్లో మునిగిపాయ” అనెను. పిల్ల వెనుదిరిగి చూడకయే, “ఉండాది సార్” అనెను.

నా కలము ఆగినది. ఇద్దఱును అబద్ధము చెప్పు పిల్లలు కారు. ఒకరు లేదనిన ఊరిని ఒకరు ఉన్నదనిరి. ఇద్దఱి నోటను ఉన్న మాట ఒక్కటే.

సంగతి యెఱుగనివారికి చెప్పవలెను. జమ్మలమడుగునకు సమీపమున పెన్న కొండలను చీల్చుకొని పాఱు గండి యొకటి గలదు. గండికోటకు ఆ పేరు దానివలననే వచ్చినది. ఆ నదిపై కట్టిన జలాశయమును 2020లో మునుపటికంటె ఎక్కువగా నింపగా, కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు నీట మునిగినది. ఊరివారు పునరావాసపు కాలనీలకును, బంధువుల యిండ్లకును తరలిరి. ఆ జలాశయపు నీరే ఎత్తిపోతలద్వారా పులివెందులవైపు మెట్టచేలకును పోవుచున్నది. కాబట్టి ఆ నీటిని శపించువారును గలరు, దానికి మ్రొక్కువారును గలరు. ఆ తగవు తీర్చుట నాపని కాదు. ఈ పిల్లకు అప్పటికి ఐదేండ్లు. ఆమె యెఱిగిన ఊరు బహుశః ఒక వాకిలి, ఒక చెట్టు, ఒక బావి. అవి యిప్పుడు నీటియడుగున నున్నవి. మఱి “తాళ్ళప్రొద్దుటూరు” అను మాట దేనిని చెప్పుచున్నది?

చదువరులలో పెక్కండ్రు దీనిని చిన్న ప్రశ్న యనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొని, ఇంటికి పోయి, రాత్రి భోజనమైన పిమ్మట పాత పుస్తకములు దింపితిని. సంస్కృతమున చదివినది కొంత, ఇంగ్లీషున చదివినది కొంత యెదుట పెట్టుకొని చూడగా, రెండువేల యేండ్లుగా రెండు ఖండములవారు తెగకుండ వాదించుకొనుచున్నది ఈ పిల్లల తగవే యని తోచెను.

మొట్టమొదట ఎవరికైనను తోచు సమాధానము సులభమైనది. పేరు వస్తువునకు అంటించిన చీటి. వస్తువే దాని అర్థము. ఈ మతమును పట్టుకొన్నచో నవ్విన పిల్లవాడే గెలుచును. వస్తువు పోయినది గనుక చీటి గాలికి పోవలెను. కాని మన మట్లు మాటలాడుట లేదు. ‘హంపి చక్రవర్తులు’ అందుము, వారిలో ఒక్కరును లేరు. ‘మా తాత’ అందుము, తాత పోయి ముప్పదియేండ్లు. వస్తువు పోయినంతనే అర్థమును పోవునేని చరిత్రయు లేదు, తద్దినమును లేదు.

ఇంకొకరు వస్తువు కాదు, పేరులోపలి గుణమే అర్థమందురు. గ్రీకుదేశపు ప్లేటో వ్రాసిన ‘క్రాటిలస్’ అను సంవాదమున ఇద్దఱు తగవులాడుదురు. పేరులు ప్రకృతిసిద్ధములని ఒకడు, మనుష్యు లేర్పఱచుకొన్నవని ఒకడు. సోక్రటీసు నడుమ కూర్చుండి, ఒక్కొక్క పేరును విఱిచి దానిలో దాగియున్న అర్థమును చూపుచు చాల దూరము పోవును. ఎంతవఱకు నిజముగా చెప్పుచున్నాడో, ఎంతవఱకు హాస్యమో తేల్చుట కష్టము. మన తాలూకాలలో ఈ విద్యకు కొఱత లేదు. జమ్ము మొలచిన మడుగు జమ్మలమడుగు. పులులు మందలుగా తిరిగినచోటు పులిమందల, అదియే పులివెందుల. రాముడు పొద్దుపొడుపు వేళకు వచ్చి చేరిన ఊరు ప్రొద్దుటూరు. వినుట కింపుగానే యున్నది. కాని ఒకే జిల్లాలో రెండు ప్రొద్దుటూళ్ళున్నవి గనుక రాముడు రెండుమారులు పొద్దుపొడుపుననే ప్రయాణము ముగించెనా యని నా శిష్యుడొక డడిగినప్పుడు నేను ఉత్తరము చెప్పలేకపోతిని. అంతకంటె ముఖ్యమైన చిక్కు వేఱొకటి గలదు. పులులు పోయినవి, పులివెందుల పోలేదు. ఇంగ్లీషు తార్కికుడు జాన్ స్టూవర్టు మిల్లు 1843లో వెలువరించిన తర్కగ్రంథమున ఇదే చెప్పెను: డార్టు నది ముఖమున నున్నందున ఒక పట్టణమునకు డార్టుమౌతు అని పేరు వచ్చినది; నది దారి మార్చుకొన్నను పట్టణము పేరు మారనక్కఱలేదు. పేరు పుట్టిన కారణము వేఱు, పేరు చెప్పు అర్థము వేఱు. మన పండితులు రూఢి యనునది దీనినే. జమ్మలమడుగు బస్సెక్కినవాడు జమ్మును వెదకికొనుచు దిగడు.

వస్తువునందు లేదు, అక్షరములందు లేదు. మఱి యెక్కడనున్నది? ఇచ్చట మన దర్శనములవారు ఇరుపక్షములుగా చీలిరి. ఈ చీలికయందే నాకు కావలసిన విషయము కలదు గనుక కొంతసేపు ఇక్కడ నిలువనిండు.

నైయాయికులు శబ్దార్థముల సంబంధము సంకేతమనిరి. ఈ మాటవలన ఈ అర్థము తెలియవలెను అని ఒక ఇచ్ఛ యుండును, ఆ యిచ్ఛయే మాటకు శక్తి. ఆ యిచ్ఛ ఎవరిది? ప్రాచీనులు ఈశ్వరునిది అనిరి. మన తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలో వ్రాసిన ‘తర్కసంగ్రహము’ చదివిన ప్రతి విద్యార్థియు ఈ పాఠమును వల్లించియున్నాడు. తరువాతివారైన నవ్యులు ఈశ్వరుని అంతగా శ్రమపెట్టనక్కఱలేదనుకొని, ఇచ్ఛ యుండిన చాలు, ఎవరిదైనను ఫరవాలేదనిరి. బిడ్డకు బారసాలనాడు తండ్రి పేరు పెట్టినట్లు. ప్రభుత్వపు ఉత్తరువులును ఇట్టివే. మన జిల్లాపేరును ఇంగ్లీషున వ్రాయు పద్ధతిని 2005లో మార్చిరి. తెల్లదొరలు తగిలించిన అనవసరపు అక్షరములు ఒక్క కాగితముతో రాలిపోయినవి. సంతలో కడప యనువాడు అంతకుముందును కడప యనియే అనుచుండెను, తరువాతను అనియే.

మీమాంసకులు దీని కొప్పుకొనలేదు. జైమిని శబ్దార్థసంబంధమును పుట్టుకతోనే యున్నదిగా చెప్పెను. ఇది వేదమును నిత్యమని నిలుపుటకై చేసిన వాదమని నేటివారు త్రోసివేయుదురు, నేనును చిన్నతనమున అట్లే త్రోసివేసితిని. కాని ఆ వాదమునకు వారిచ్చిన యుక్తి యొకటి త్రోసిన పోవునది కాదు. ఎవడో యొకడు మొదట కూర్చుండి, ఇది ఆవు, ఇది గుఱ్ఱము అని మాటలను ఏర్పఱచెనందురా? ఆ యేర్పాటును తక్కినవారికి ఏ మాటలతో చెప్పెను? ‘ఇది’ యను మాట వారికెట్లు తెలిసెను? ఒప్పందము చేసికొనుటకు మాట కావలెను. మాట ఉండుటకు ఒప్పందము కావలెను. మొదటి ఒప్పందమును చూచినవా డెవడును లేడు.

అట్లైనచో బిడ్డ మాటలెట్లు నేర్చును? దీనికి మీమాంసకుల ఉత్తరము వృద్ధవ్యవహారము. ఇంటిలో పెద్ద యొకడు “ఆవును తోలుకొని రా” అనును; నడివయసువాడు పోయి ఒక జంతువును తెచ్చును. బిడ్డ మూలకూర్చుండి చూచుచుండును. మఱియొకనాడు “ఆవును కట్టివేయుము” అనును, ఇంకొకనాడు “గుఱ్ఱమును తోలుకొని రా” అనును. ఏ మాట పోయి ఏ మాట వచ్చినప్పుడు ఏ పని మాఱినదో చూచి చూచి బిడ్డ మాటకు మాటను విడదీసికొనును. ఎవరును వానికి పాఠము చెప్పలేదు. పని జరుగుచున్నది, ఆ పనిలో మాటయు నొక పనిముట్టు. క్రైస్తవాచార్యుడైన అగస్టీను తాను పెద్దలు వస్తువులను చూపుచు పేరులు చెప్పగా మాటలు నేర్చితినని తన జీవితకథలో వ్రాసికొనెను. దానినే యెత్తి చూపి, వేలు పెట్టి చూపినను ఏమి చూపుచున్నావో తెలియుటకు ముందే చాల తెలిసియుండవలెనని ఆస్ట్రియాలో పుట్టిన విట్గెన్‌స్టయిన్ ఖండించెను. ఆయన గ్రంథము ఆయన పోయిన తరువాత 1953లో అచ్చుపడినది. మాట అర్థమును దాని వాడుకలో వెదకుమని ఆయన బోధ. మన భాష్యకారుని పెరటిలోని ఆవును ఆయన చూడలేదు, చూచియుండిన సంతోషించియుండును.

ఇది పుస్తకములలోని ఊహ మాత్రమే కాదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఇరువదియొక్కయేండ్లవాడై కడపకు వచ్చెను. తెలుగునేలకు ఆయన పెరిగి పెద్దవాడైనపిమ్మట వచ్చిన బిడ్డ. మూలకూర్చుండి చూచుటకు ఆయనకు తీరిక లేదు గనుక తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి, జీతములిచ్చి, తాళపత్రములు తెప్పించి, ఒక ప్రతి నొక ప్రతితో సరిచూపించెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషుతో కూడ అచ్చువేయించెను. 1852 మొదలు 1854 వఱకు వెలువడిన ఆయన నిఘంటువులలో కవులు వాడిన మాటలే కాక, సామాన్యజనులు వాడిన మాటలును, కచ్చేరీలలో దొరలిన అన్యదేశ్యములును గలవు. ఈ మాట ఇట్లుండవలెనని శాసించుటకంటె, ఈ మాటను ఇట్లు వాడుచున్నారని చూపుటకే ఆయన ఎక్కువ శ్రమపడెను. ఆ కడప బంగళా స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును నడచుచున్నవి. పండితులు కొందఱు ఆ నిఘంటువును చిన్నచూపు చూచిరి గాని, చదువరులారా, మన యింట తెలియని మాట తగిలినప్పుడు ఎవరి పుస్తకమును తీయుచున్నాము?

వాడుక యున్నంతకాలము మాటకు ప్రాణమున్నది సరే. వాడువారు పోయినచో? దీనికి సాక్ష్యము మన గడ్డమీదనే దొరకినది. ఎఱ్ఱగుంట్ల మండలములో కలమళ్ళ యను గ్రామము గలదు. ప్రొద్దుటూరికిని జమ్మలమడుగునకును దూరము కాదు. అచ్చటి చెన్నకేశవాలయములో దొరకిన రాతిశాసనమును తెలుగున వ్రాయబడి మనకు లభించిన శాసనములలో మొట్టమొదటిదిగా పండితులు ఎంచిరి. రేనాటిచోడుడైన ధనంజయుని కాలపుది. శాసనమున సంవత్సరము లేదు; లిపినిబట్టి సుమారు క్రీ. శ. 575 అని నిర్ణయించిరి. దాని అచ్చుప్రతిని నేను తరగతిలో చూపితిని. పిల్లలు మొదట అక్షరములని నమ్మలేదు. పిమ్మట ఒక్కొక్క మాట చదివి చెప్పగా, రేనాడు అను పేరును, ‘ఏలు’ అను క్రియయు, ‘ఊరు’ అను మాటయు వారికి తగిలినవి. పదునాలుగువందల యేండ్ల క్రిందటి రాయి తమ యింటిమాట మాటలాడెనని వారి ముఖములు విప్పారినవి.

నన్ను కదల్చినది వేఱొకటి. ఆ శాసనము నడిమి భాగము చెడిపోయినది. ఏలుచున్న రాజు ఎవడో మొదట తెలియుచున్నది. చివర మహాపాతకమను శాపము తెలియుచున్నది. ఏ దానము, ఎవరికి, ఏ ధర్మమును చెఱచినచో ఆ పాతకము అంటునో చెప్పవలసిన పంక్తులు చెరిగినవి. శిక్ష నిలిచినది, విధి పోయినది. ఆ శాపము ఇప్పుడు ఎవరిని తగులును? మాటలు విడివిడిగా తెలిసియుండియు వాక్యము తెలియని చోట అర్థము ఉన్నట్లా, లేనట్లా? వాక్యమే అఖండమైన అర్థమనియు, పదములు మనము నేర్చుకొనుటకై చేసికొన్న విభాగములేయనియు భర్తృహరి ఐదవ శతాబ్దిలో చెప్పెను. జర్మను గణితవేత్త ఫ్రేగె 1884లో వాక్యము వెలుపల పదమునకు అర్థ మడుగవలదనెను. ఒకరినొక రెఱుగని ఈ ఇద్దఱికిని కలమళ్ళ రాయి తోడుపలుకుచున్నది. అమరావతి స్తూపపు రాతిపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన ‘నాగబు’ అను ఒంటిమాటయు నిట్టిదే. తెలుగుమాటలలో అతిప్రాచీనమని మనము దానిని గౌరవించుచున్నాము. అది పామా, ఒకని పేరా యని అడిగినచో ఒంటిమాట మాఱు పలుకదు.

ఆ శాసనములనాటి లిపిలో ఒక అక్షరముండెడిది. ఇప్పుడు మనము చోడ అనియు చోళ అనియు వ్రాయుచున్న మాటలో నడుమ అది నిలిచెడిది. డయు కాదు, ళయు కాదు. పలుకువారు ఆ భేదమును విడిచిరి, వెంటనే గుర్తు పనిలేనిదై రాలిపోయినది. ఎవరును దానిని నిషేధింపలేదు. ఇంకొకదానినుండి వేఱుచేయుట యను పని పోయిన గుర్తు నిలువదు.

ఈ మాట వ్రాయగానే దిఙ్నాగుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ఆయన కలమళ్ళ శాసనమునకు కొంచెము ముందటి కాలపువాడు, దక్షిణాపథపు బౌద్ధుడు. ‘ఆవు’ అను మాట ఆవుతనము అను ఒక నిత్యపదార్థమును చూపదనియు, ఆవు కానివానినెల్ల తొలగించుటయే దాని పని యనియు ఆయన వాదము. దీనికి అపోహమని పేరు. స్విట్జర్లాండు పండితుడు సొస్యూరు పాఠములు ఆయన మరణానంతరము 1916లో అచ్చైనవి. భాషలో నున్నవి భేదములే యని ఆయనయు చెప్పెను. కుమారిలభట్టు దిఙ్నాగుని అపహసించెను: ఆవు కానిది తెలియుటకు ముందు ఆవు తెలియవలదా? తర్కమున ఈ దెబ్బ గట్టిదే. కాని లోకమున కొన్ని మాటలను, కొన్ని గుర్తులను చూచినప్పుడు దిఙ్నాగునికే నేను ఓటు వేయుదును. ‘మడి’ యననేమి? తాకనిది. ఎవరు తాకనిది? ఆ ‘ఎవరు’ అను జాబితాను తీసివేసినచో మడిలో మిగులునది తడిబట్ట.

మాటలే కాదు, గుర్తులును ఇట్లే. మా మేనత్త ఇరువదిమూడేండ్ల ప్రాయమున భర్తను పోగొట్టుకొనెను. ఆమె నుదుట బొట్టు నేను ఎన్నడును చూడలేదు. పెండ్లికి ముందు ఆమె పెట్టుకొనలేదా? పెట్టుకొనెను, పుట్టినింట పెట్టినదే. భర్త ఇచ్చినది కానిదానిని భర్తతో తీసివేయుట యేమని పూర్వపు సంస్కర్తలు అడిగిన ప్రశ్నకు ఇంతవఱకును సరియైన సమాధానము నేను వినలేదు. బొట్టులో ఏమియు లేదు, కుంకుమపొడి. అది ముత్తైదువ యని చెప్పుట, ‘అది కానిది’ యొకతె పక్కన ఒట్టి నుదుటితో కూర్చుండుటచేతనే. ఒకరి నుదుటి యెఱుపునకు అర్థము ఇంకొకరి నుదుటి బోసితనమున నున్నది.

మా యింట గృహప్రవేశమునాడు మా అమ్మ కుంకుమభరిణె పట్టుకొని ఆడువారి వరుసవెంట పోవుచుండెను. మేనత్త దగ్గఱకు వచ్చునప్పటికి అలవాటు చొప్పున అమ్మ అడుగు దాటివేసెను. ద్వేషమువలన కాదు, వారిద్దఱును ఒకే కంచములో తిన్నంత స్నేహముగలవారు. అమ్మ పాదములకు ఆ వ్యాకరణము తెలియును, అంతే. వెనుకనే వచ్చుచున్న నా భార్య ఆగి, వంగి, మేనత్త నుదుట బొట్టు పెట్టెను. గదిలో మాటలు నిలిచిపోయినవి. మేనత్త ఏమియు ననక, కొంచెముసేపటికి కొంగుతో తుడుచుకొని మెల్లగా, “పెట్టేది నువ్వు, చూసేది ఊరు గదమ్మా” అనెను.

నేను సంస్కృతమునను ఇంగ్లీషునను చదివిన శబ్దార్థవిచారమంతయు ఆ ఒక్క మాటలో నున్నదని నాకు చాలకాలము తరువాత తెలిసినది. మాట అర్థము పలుకువాని మనసులోని భావమని ఇంగ్లండులో లాకు 1690లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. నా భార్య మనసులోని భావము పవిత్రమైనదే. అది బొట్టుకు అర్థము కాజాలకపోయినది. చూచు ఊరు లేనిదే గుర్తు లేదు. ఒక్కరి యిచ్ఛ చాలునన్న నవ్యనైయాయికుడు ఇచ్చట ఓడిపోయినాడు. ఎవడును ఒంటిగా అర్థమును పుట్టింపలేడన్న మీమాంసకుడు గెలిచినాడు.

గెలిచినాడు గాని పూర్తిగా కాదు. ఒంటిగా పుట్టింపలేడు కనుక అది నిత్యమని ఆయన అనెను. అక్కడ నేను ఆయనను విడుచుచున్నాను. వృద్ధవ్యవహారమని ఆయనయే చెప్పెను గదా. ఆ వృద్ధులెవరు? మూలకూర్చున్న బిడ్డకు మనమే వృద్ధులము. మా అమ్మ అడుగు దాటివేసినప్పుడు నా కూతురు మూల నిలిచి చూచుచుండెను. దానికెవరును విధవ యను మాటకు నిఘంటువు తెఱచి అర్థము చెప్పలేదు. దాటిన అడుగు చెప్పెను. అనాదియని మనము చేతులు కడుగుకొను అర్థములన్నియు ఈ ఉదయము మన యింట మఱియొకమారు తయారైనవే. నెరసిన తలగల పాలేరును ‘వాడు’ అనియు, మీసము మొలవని కామందు కొడుకును ‘వారు’ అనియు అనువారిని అడిగి చూడుడు, “అది భాషలో ఉన్నది, నేనేమి చేయుదు” నందురు. భాష ఎక్కడనో కొండమీద కూర్చుండి వారి నోటిలోనికి మాటలు జాఱవిడుచుచున్నట్లు!

సంస్కర్తలకును ఇందులో ఒక హెచ్చరిక గలదు. మన పక్షమువారు దానిని తరచు మఱతురు. అంటరానివారని పిలువబడినవారికి గాంధీగారు 1930 దశాబ్దిలో హరిజనులను పేరును ప్రచారము చేసిరి. ఉద్దేశము మంచిది, పదమును మంచిది. కాని ఊరి వెలుపలి వాడ ఊరి వెలుపలనే యుండెను. బావి దగ్గఱ గిఱి గిఱిగానే యుండెను. పాత పేరు చేసిన తొలగింపు పనిని క్రొత్త పేరు చేయుచు వచ్చెను, గుడ్డ మాఱినది గాని కత్తి మాఱలేదు. కొంతకాలమునకు ఆ పేరుతో పిలువబడినవారే అది మాకు వలదని, దళితులమని తమ పేరు తాము చెప్పుకొనిరి. పేరు పెట్టుట సులభము. పేరు గలవాని అనుమతి యడుగుట మనకు తోచలేదు. ఆ పేరు వాడుకలో చేయు పనిని మార్చుట మనకు చేతకాలేదు.

మేనత్త సంగతి ముగింపవలెను. రెండేండ్ల పిమ్మట మా బంధువుల పెండ్లిలో మరల అట్టి వరుసయే వచ్చెను. ఈమారు భరిణె పట్టుకొన్నది నా భార్య కాదు, ఆ యింటి పెద్దావిడ. ఆమెకు సంస్కరణ మననేమో తెలియదు. తన కూతురు చిన్నవయసుననే భర్తను పోగొట్టుకొని పట్టణమున ఉద్యోగము చేసికొనుచు బొట్టు పెట్టుకొని తిరుగుచుండుట చూచుచున్నది గనుక ఆ చేయి ఆగలేదు. పక్కనున్న ఇద్దఱు ముగ్గురు వింతగా చూడలేదు. మేనత్త సాయంకాలము వఱకు బొట్టు తుడుచుకొనలేదు. రాత్రి ముఖము కడుగుకొన్నప్పుడు పోయినది, మఱునాడు మరల పెట్టుకొనలేదు. నేను చూచినది చూచినట్లు వ్రాయుచున్నాను.

మరల నా తరగతికి వచ్చెదను. అలంకారశాస్త్రమున లక్షణకు గంగయందలి గొల్లపల్లెను ఉదాహరణముగా చెప్పుదురు. నీటిలో పల్లె యుండుట అసంభవము గనుక గంగయను మాటకు గంగయొడ్డు అని అర్థము చెప్పికొనవలెను. పదునైదేండ్లు ఈ పాఠమును నేను నిశ్చింతగా చెప్పితిని. ఇప్పుడు నా యెదుట బల్లమీద కూర్చున్న పిల్ల ఊరు నిజముగా నీటిలోనే యున్నది. ముఖ్యార్థమునకు బాధ లేదు. ఆ ఉదాహరణము వచ్చినప్పుడు నేను కొంచెము తొట్రుపడి, దానిని మార్చి చెప్పుచున్నాను.

అయినను ఆమె “ఉండాది” అన్నది నీటి అడుగును గూర్చి కాదని నా నమ్మకము. కాలనీలో ఇంటిప్రక్క ఇంటివారిని “మన ఊరోళ్ళు” అందురట. పెండ్లిపత్రికలలో ఆ పేరే అచ్చువేయింతురట. అవ్వ సాయంకాలము వాకిట కూర్చుండి, “మన ఊళ్ళో ఈపాటికి” అని మొదలుపెట్టునట. కలమళ్ళ రాతిమీదనున్న ‘ఊరు’ అను మాట అన్ని శతాబ్దులు నిలిచినది ఇట్టి అవ్వల నోళ్ళయందే గదా. తెలుగున మాట యనగా పలికినదియు మాటయే, ఇచ్చిన ప్రమాణమును మాటయే. నైయాయికుడు సంకేతమనునది ఆ రెండవ మాటవంటిదే, నిలుపుకొన్నంతసేపు నిలుచును. ఆ పేరును ఆ జనులు నిలుపుకొనుచున్నారు. నవ్విన పిల్లవాడు చెప్పినదియు అబద్ధము కాదు. వాడు ఊరిని రాళ్ళతోడను గోడలతోడను కొలిచెను. వానికి ఆ రాత్రి నేను చదివినదంతయు చెప్పుటకు వయసు చాలదు. ఒకనాడు ఆ పిల్లను పిలిచి, ఆ ఊరిలో వారి యిల్లు ఎక్కడనుండెనో నల్లబల్లమీద గీసి చూపుమంటిని. ఆమె గీయుచుండగా వాడు ముందు బల్లకు వచ్చి కూర్చుండి, “గుడి యాడుండె?” అని అడిగెను.

పుస్తకములో స్వగ్రామమను గడి ఆ మొదటినాడు ఖాళీగా నుండినది గదా, దానిని ఆ సాయంకాలమే పూరించితిని. తాళ్ళప్రొద్దుటూరు అని వ్రాయుచుండగా ఆ పిల్ల నా భుజము మీదుగా తొంగిచూచి, “ళకు ళవత్తు సార్, లవత్తు గాదు” అనెను. కొట్టివేసి, సరిగా వ్రాసితిని.